రెండు వందల మాటల మీద నిలబడ్డ భాష: చాదిక్ భాషల ఆధారాలు ఎంత గట్టివి?

చాద్ దేశపు తూర్పు అంచున, డార్ఫూర్ సరిహద్దు దగ్గర, కుజార్గె అనే భాష ఉంది. దాని గురించి బయటి ప్రపంచానికి తెలిసినదంతా దాదాపు ఒకే జాబితా నుంచి వచ్చింది. 1981లో పాల్ డోర్న్‌బోస్ రాసుకున్న సుమారు 200 మాటలే ఆ జాబితా. వాటిలో కొన్ని చాదిక్ భాషల మాటలను పోలి ఉంటే, మరికొన్ని కుషిటిక్ భాషల మాటలకు దగ్గరగా ఉన్నాయి. అందుకే కొందరు దీన్ని చాదిక్ శాఖలో చేర్చారు, కొందరు ఏ శాఖలోనూ చేర్చకుండా వదిలేశారు. వదిలేయడమే సబబు. ఇన్ని మాటలతో చుట్టరికాన్ని అనుమానించగలమే గాని తేల్చి చెప్పలేం. ఏది అరువు, ఏది సొంతం అని వేరు చేయాలంటే సర్వనామాలు, క్రియారూపాలు, నిండు వాక్యాలు కావాలి.

చాదిక్ అనేది ఆఫ్రో-ఆసియాటిక్ కుటుంబంలో ఒక శాఖ. అరబిక్, హీబ్రూ, పాత ఈజిప్షియన్, పైన చెప్పిన కుషిటిక్ భాషలు కూడా ఆ కుటుంబానివే. ఉత్తర నైజీరియా, దక్షిణ నైజర్, ఉత్తర కామెరూన్, చాద్ దేశాల్లో ఈ శాఖ భాషలు వినిపిస్తాయి. కోట్ల మంది మాట్లాడే హౌసా వీటన్నిటిలో పెద్దది. మిగతావాటిలో చాలా వరకు చిన్నవే. మొత్తం ఎన్ని అంటే 150 అనేవారూ ఉన్నారు, 200కు దగ్గర అనేవారూ ఉన్నారు. ఏది మాండలికం, ఏది వేరే భాష అన్న చోట గీత ఒక్కొక్కరు ఒక్కో దగ్గర గీస్తారు. ఉపశాఖల విషయంలోనూ ఏకాభిప్రాయం లేదు. 1977లో పాల్ న్యూమన్ నాలుగు ఉపశాఖలు చూపించాడు. వాటిలో ఒకటైన మాసా గుంపును మధ్య ఉపశాఖలోనే కలిపి మూడు చాలన్నవారూ ఉన్నారు.

ఈ భాషలపై పాత ఆధారాలను వాడేటప్పుడు అవి ఎక్కడ, ఎలా పుట్టాయో గుర్తుంచుకోవాలి. 1854లో అచ్చయిన కోయెల్లె బహుభాషా పదకోశంలో బాదె, న్గిజిమ్ వంటి భాషల మాటలు ఉన్నాయి. వాటిని చెప్పినవారు తమ ఊళ్ల నుంచి బానిసలుగా ఎత్తుకుపోబడి, విడుదలై, ఫ్రీటౌన్‌లో బతుకుతున్నవారు. సొంత భాషకు దూరమై ఏళ్లు గడిచిన మనిషి జ్ఞాపకమే అక్కడ ఆధారం. ఆ మాటలు విలువైనవి, అనుమానం లేదు. కానీ ఆ నాటి భాషకు అవి నిలువుటద్దం అనుకోకూడదు. తర్వాత దశాబ్దంలో హైన్‌రిష్ బార్త్ ప్రకటించిన వాండలా, లోగోన్ పదజాలాన్నీ ఇదే జాగ్రత్తతో చదవాలి.

మాటల జాబితా ఎందుకు చాలదో మొలోకో భాష బాగా చూపిస్తుంది. కామెరూన్ ఫార్ నార్త్ ప్రాంతంలో దీన్ని మాట్లాడుతారు. వినేవాడి చెవికి అందులో చాలా అచ్చులు వినిపిస్తాయి. డయాన్ ఫ్రీసెన్ విశ్లేషణ ప్రకారం లోపల ఉన్న అచ్చు ఒక్కటే. పెదవులు గుండ్రంగా చుట్టే గుణమో, నాలుకను అంగిలివైపు లేపే గుణమో మాట మొత్తానికీ పట్టి, ఆ ఒక్క అచ్చుకే రకరకాల రంగులు పూస్తుంది. ఒకటీ అరా మాటలు విని రాసుకున్నవాడికి ఈ సంగతి పట్టుబడదు. అతను అయిదారు అచ్చులు రాసుకుని వెళతాడు, ఆ అచ్చులనే పక్క భాషతో పోల్చి మరొకరు చరిత్ర కడతారు. టోన్ సంగతి ఇంకా కష్టం. మాటలోని స్వరం ఎత్తుపల్లాలను బట్టి అర్థం మారే భాషలు ఇక్కడ చాలా ఉన్నాయి. హౌసా మామూలు రాతలో ఆ గుర్తులే ఉండవు. రికార్డు లేకపోతే వాటిని తిరిగి రాబట్టే దారి లేదు.

మొలోకో వ్యాకరణం 2017లో పుస్తకంగా వచ్చింది. ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. ముగ్గురు మొలోకో సహకారుల పేర్లు కూడా రచయితలుగా అట్టమీద ఉన్నాయి. సూత్రాలతో పాటు నిండు కథలూ ఉన్నాయి. వాటిలో ఒక కథ ఇది: పూర్వం ఒక్క గింజ విసిరితే ఇంటిల్లిపాదికీ సరిపోయేదట. చెప్పిన మాట వినక కొత్త కోడలు గింజలు ఎక్కువ వేసింది, పిండి గది నిండిపోయి ఊపిరాడక చనిపోయింది. ఇలాంటి కథ పూర్తిగా దొరికితే, రచయిత విశ్లేషణ తప్పనుకున్నవాడు కూడా అవే వాక్యాలు పట్టుకుని వాదించగలడు. నా లెక్కలో ఒక వ్యాకరణానికి ఇంతకంటే పెద్ద గుణం లేదు.

నైజీరియా బౌచి రాష్ట్రంలోని జార్ భాషపై బెర్నార్ కరోన్ పని మరో అడుగు ముందుంది. అక్కడ రికార్డు, లిప్యంతరం, అనువాదం ఒకదానికొకటి జతపడి ఉంటాయి. యోబె రాష్ట్రంలో రసెల్ షూ, బోలె భాషీయుడైన ఆల్హాజీ మైనా గింబా కలిసి చేసిన బోలె నిఘంటువు (2015) ఇంగ్లీషుతో పాటు హౌసాలోనూ అర్థాలిస్తుంది. ఆ ప్రాంతంలో చదువుకున్నవాడి చేతికి అందాలంటే హౌసా ఉండాల్సిందే. పరిశోధకుడి కోసం మాత్రమే చేసిన నిఘంటువు సగం పనే.

అయితే అన్నీ అందరికీ తెరిచి పెట్టాలన్న వాదన నాకు పూర్తిగా రుచించదు. 2014 ఏప్రిల్‌లో సాయుధ మూకలు 276 మంది బడి అమ్మాయిలను ఎత్తుకెళ్లిన ఈశాన్య నైజీరియా ఊరు చిబోక్ గుర్తుందిగా? అక్కడి కిబాకు కూడా చాదిక్ భాషే. గ్వోజా చుట్టుపక్కల భాషలవాళ్లు ఎందరో అదే ఏడాది దాడులకు భయపడి ఊళ్లు వదిలి పోయారు. అలాంటి చోట మాట్లాడినవాడి పేరు, ఊరు, గొంతు ఒక్కచోట పెట్టి లోకానికి చూపడం అతని ప్రాణానికే ముప్పు కావచ్చు. భాషా భాండాగారాల్లో అందరికీ, నమోదైనవారికి, అనుమతి పొందినవారికి అని అంచెలు ఉండటం ఇందుకే అవసరం. ఆ అంచెను పరిశోధకుడు ఒక్కడే నిర్ణయిస్తే మాత్రం అది పేరుకే అనుమతి.

ఈ సామగ్రిని వాడబోయే విద్యార్థులకు ఒక విన్నపం. షూ మరణానంతరం 2017లో న్యూమన్ సంపాదకత్వంలో వచ్చిన చాదిక్ గ్రంథం కూడా నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, చదవండి. అంకెలు ఎత్తి రాసేటప్పుడు మాత్రం పక్కన సంవత్సరం వేయండి. మొలోకో మాట్లాడేవారు 8,500 మంది అని ఇప్పటికీ రాస్తున్నారు. అది 1992 నాటి లెక్క.