పౌను బియ్యం లెక్క

కూర్చుని నవలలు రాసే ఆడవాళ్ళ పాత్రలు విరహంతో చిక్కిపోతాయి గానీ, రాసేవాళ్ళు మాత్రం చిక్కరు. నా సంగతే చూడండి. నలభై దాటి నాలుగేళ్ళు కాలేదు, డెబ్భై కిలోలు తూగాను. నర్సీపట్నంలో మా డాక్టరుగారు ఓ కాగితం మీద లెక్క వేసిచ్చారు.

"మీ ఒంటికి రోజుకి సుమారు 1,900 కాలరీలు ఖర్చవుతాయమ్మా. 1,500 తినండి. కిలో కొవ్వంటే దాదాపు 7,700 కాలరీలు. రోజుకి 400 తగ్గిస్తే నెలకి కిలోన్నర. తొందరపడకండి. బరువు తగ్గేకొద్దీ ఖర్చూ తగ్గుతుంది, అప్పుడు మళ్ళీ లెక్క వేసుకోవాలి" అన్నారు.

నేను బి.ఏ.లో చరిత్ర చదివినదాన్ని. లెక్కలకి పదో తరగతిలోనే నమస్కారం పెట్టేశాను. అయినా కాగితం తెచ్చి వంటింటి గోడకి అంటించాను. పిండిపదార్థం గ్రాముకి 4, మాంసకృత్తులు గ్రాముకి 4, కొవ్వు గ్రాముకి 9. చెంచాడు నూనె ఐదు గ్రాములనుకున్నా 45! ఆవకాయన్నంలో నేను పోసుకునే నూనె తలుచుకుంటే గుండె గుభేలుమంది.

మా ఇంట్లో పనిచేసే ఆమె ఆ కాగితం చూసి, "దీనికి కాయితమెందుకమ్మా? మాతోపాటు నాట్లకి రండి. పది రోజుల్లో అదే దిగిపోద్ది" అని నవ్వింది.

నేనూ నవ్వాను గానీ, ఆ మాట నన్ను చదువుకున్న రోజుల్లోకి, ధాత కరువులోకి లాక్కుపోయింది.

1876-78 నాటి ఆ కరువులో కర్నూలు, బళ్ళారి, కడప జిల్లాలు మాడిపోయాయి. 1877 జనవరిలో వైస్రాయి లిట్టన్ పంపగా సర్ రిచర్డ్ టెంపుల్ మద్రాసు వచ్చాడు. కరువు పనుల్లో రాళ్ళు కొట్టి, మట్టి మోసే మగవాడికి రోజుకి ఒక పౌను తిండిగింజలు, పైన కాసిని డబ్బులు చాలన్నాడు. ఖజానాకి ఆదా కదా! అది చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. చివరికి కూలి పెంచక తప్పలేదు. ఈలోగా పోయిన ప్రాణాలు పోనే పోయాయి.

అప్పటికింకా తిండిని కాలరీల్లో కొలిచే అలవాటు లేదు. 1890లలో అమెరికాలో ఎట్‌వాటర్ అనే ఆయన మనిషిని మూసిన గదిలో ఉంచి ఒంటివేడి కొలిచాడు. మన తిండికి పట్టికలు కూనూరు పరిశోధనశాలలో తయారయ్యాయి. ఐక్రాయిడ్ 1937లో అచ్చువేయించాడు. ఆ పరిశోధనశాలే 1958లో హైదరాబాదు వచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. ఆ పట్టికలు వేసింది నాబోటివాళ్ళని చిక్కించడానికి కాదు సుమండీ! పేదవాడి కంచంలో ఎంత తక్కువైందో తేల్చడానికి.

పట్టిక ముందేసుకుని టెంపుల్‌గారి పౌను లెక్కగట్టాను. బియ్యమే అనుకుందాం. 454 గ్రాములు, వందకి 345 చొప్పున దాదాపు 1,565. నా గోడమీద 1,500!

కుర్చీలో కూర్చున్న నేను చిక్కిపోవడానికి రాసిచ్చినంత తిండిని, రాళ్ళు కొట్టేవాడికి బతకమని ఇచ్చారన్నమాట. ఆ డబ్బులతో ఉప్పో పప్పో కొనుక్కున్నా ఎంతని? 2020లో హైదరాబాదు సంస్థవారు చెప్పిన ప్రకారం ఒళ్ళు వంచి కష్టపడే మగవాడికి 3,470, ఆడమనిషికి 2,720 కావాలి. అంత వెనక్కి వెళ్ళడమెందుకు? మా ఊరినుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి రోడ్డు వేసినప్పుడు మన్యంవాళ్ళకి సరిగా కూలి ఇవ్వకపోవడమూ 1922 నాటి అల్లూరి తిరుగుబాటుకి ఒక కారణమే.

లెక్క ఆపి తలెత్తితే ఆమె అంట్లు తోముతోంది. ఇక్కణ్ణుంచి నాట్లకి పోతుంది. మేం పొద్దున్నే ఆమెకిచ్చేది ఒక గ్లాసు కాఫీ. అందులో ఎన్ని కాలరీలో అదీ లెక్కవేశాను. ఆ అంకె మాత్రం మీకు చెప్పను.

నెల తిరిగేసరికి నేను కిలోన్నర తగ్గాను. డాక్టరుగారి లెక్క తప్పలేదు. ఇప్పుడు పొద్దున్నే మేమిద్దరం కలిసి కూర్చుని తింటున్నాం. నాకు రెండు ఇడ్లీలు. ఆమెకి లెక్క లేదు.