సక్తా, ఫాలిజ్, ఒక ఇజాజత్

ఒక పక్క కాలూ చెయ్యీ పడిపోతే మన ఇళ్లలో ఫాలిజ్ అంటాం. మనిషి ఉన్నట్టుండి కూలిపోయి పిలిచినా పలక్కపోతే హకీములు సక్తా అన్నారు. ఇబ్నె సీనా ‘అల్ ఖానూన్’లో రెండింటికీ చోటుంది. గట్టి సక్తాకు ఇలాజ్ లేదన్నది యూనాన్ కాలం నుంచీ ఉన్న మాటే.

ఖర్తబా జర్రాహ్ అబుల్ ఖాసిం అల్ జహ్రావీ (ఇంతెఖాల్ 1013 ప్రాంతం) పుర్రె తొలిచే బర్మా గురించి రాశాడు. అది దిమాగ్ పొరలోకి దిగిపోకుండా దానికి అడ్డు అంచు కూడా ఉంది. అయితే అది దెబ్బ తగిలి ఎముక పగిలినవాళ్ల కోసం. ఫాలిజ్‌కి కూడా ఆయనే దారి చూపాడని ఎవరైనా వాట్సాప్‌లో పంపితే నేను ఒప్పుకోను.

పుర్రె మూసిన డబ్బా లాంటిదని 1783లో ఎడిన్‌బరో వైద్యుడు మన్రో చెప్పాడు. అసలు ఖత్రా అక్కడే. పెద్ద నాళం మూసుకుపోతే రెండు నుంచి ఐదు రోజుల్లో మెదడు ఉబ్బుతుంది. పోవడానికి చోటుండదు. కిందికి జరిగి, సాన్స్ నడిపించే భాగాన్నే నొక్కుతుంది. మానిటాల్ ఎక్కించినా చాలాసార్లు ఆగదు. ఐసీయూలో ఉన్నా నూటికి 80 మంది దాకా పోతున్నారని 1996లో జర్మనీ డాక్టర్లు లెక్క చెప్పారు.

మరి మూత తీస్తే? ఒక పక్క పుర్రె ఎముక అరచేయంత తీసి, లోపలి పొర కోసి, వాపుకి జాగా ఇస్తారు. ఫ్రాన్స్, జర్మనీ, నెదర్లాండ్స్ పరిశోధనలను కలిపి 2007లో ఫలితం చెప్పారు. 60 ఏళ్ల లోపు 93 మంది, 48 గంటల్లోపు ఆపరేషన్. ఆపరేషన్ లేనివాళ్లలో నూటికి 29 మంది బతికితే, అయినవాళ్లలో 78 మంది.

ఆ 78 మందిలో 35 మంది ఇంకొకరి సాయం లేకుండా నడవలేరు. ఖానదాన్ ఇజాజత్ సంతకం పెట్టేది దీనికి కూడా. సర్జన్ ఎముక తీస్తాడు గాని, పడిపోయిన చెయ్యిని లేపడు. అందుకని ఆ కాగితం ముందు భార్య, కొడుకులు తటపటాయిస్తే తప్పు పట్టలేం. కానీ దుబాయ్ నుంచి మామూ ఫోన్ వచ్చేదాకా ఆగుదాం అంటే మాత్రం ఆ 48 గంటలు ఆగవు.

60 దాటినవాళ్ల లెక్క 2014లో వచ్చింది. ఆపరేషన్‌తో వాళ్లలోనూ మౌత్ సగానికి పైగా తగ్గింది. బతికినవాళ్లలో ఎక్కువమందికి మాత్రం రోజువారీ పనుల్లో చాలావాటికి మనిషి కావాల్సి వచ్చింది.

తీసిన ఎముకను ఫ్రీజర్‌లోనో, రోగి పొట్ట చర్మం కిందనో భద్రంగా ఉంచుతారు. కొన్ని వారాలకో నెలలకో వాపు తీరాక మళ్లీ తలకి బిగిస్తారు.