బెంగళూరు పోతా పోతా పెనుకొండలో దిగండి

రైతు సోదరులారా, శెనక్కాయ పని అయిపోయినాక బెంగళూరు చూడాలనుకుంటే నేరుగా పోవద్దు. రెండు రోజులు ఎక్కువ పెట్టుకుని పెనుకొండ, లేపాక్షి చూసుకుంటూ నిదానంగా పోండి.

పెనుకొండ ఈరోజు చిన్న టౌనే. 1565లో తళ్ళికోట యుద్ధం ఓడినాక విజయనగర రాజధాని హంపి నుంచి ఇక్కడికే వచ్చింది. కోట, గగన్ మహల్ చూడండి. లేపాక్షి గుడిని అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ అన్నదమ్ములు కట్టించినారు. ఒకే రాతిలో చెక్కిన నంది, నేలకు ఆనని స్తంభం పిల్లలకు చూపించండి.

మరి పెనుకొండ రాజధానిగా ఉన్నప్పుడు బెంగళూరు ఏంది? 1537లో విజయనగర సామంతుడు కెంపేగౌడ కట్టించిన మట్టికోట. పక్కన పెద్ద నది లేదు, చెరువులే దానికి ప్రాణం. ఇప్పుడు మనం బస్సు దిగే మెజెస్టిక్ బస్టాండు ఒకప్పటి ధర్మాంబుధి చెరువు. కంఠీరవ స్టేడియం ఉన్నచోట సంపంగి చెరువు ఉండేది. అట్లా చెరువులు పోగొట్టుకున్న ఊరు ఈరోజు దాదాపు 100 కిలోమీటర్ల నుంచి కావేరి నీళ్ళు ఎత్తిపోసుకుంటోంది.

మెట్రో ఎక్కండి, విధానసౌధ చూడండి. మన ఊరి చెరువు ఎండిందే కదా, ప్లాట్లు వేద్దామని రేపు ఎవరన్నా అంటే మాత్రం మెజెస్టిక్ కథ చెప్పండి.