సుబ్బారావు గారి మందు, కడుపులోని సూక్ష్మజీవులు

బహ్రెయిన్‌లో మా పిల్లలకి యల్లాప్రగడ సుబ్బారావు గారెవరో చెప్పాలంటే నేను కడుపు జబ్బుతో మొదలుపెడతాను. 1895లో భీమవరంలో పుట్టిన ఆయన సోదరులిద్దరు స్ప్రూ అనే విరేచనాల వ్యాధితో కొద్ది రోజుల తేడాలో పోయారు. ఆయనకీ అదే పట్టుకుంటే ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో గట్టెక్కారు. తరవాత బోస్టన్ వెళ్ళారు. 1940లో లెడర్లీ కంపెనీలో చేరాక కూడా ఆ జబ్బుని మరిచిపోలేదు.

అక్కడ చేతికందింది ఫోలిక్ ఆమ్లం. కాలేయపు సారంలో అది ఎంత ఉందో తూచే తక్కెడ ఏమిటనుకున్నారు? ఒక బేక్టీరియా! లాక్టోబేసిలస్ కేసియై అనే ఈ సూక్ష్మజీవి ఫోలిక్ ఆమ్లం లేనిదే పెరగదు. అది ఎంత పెరిగితే ఆమ్లం అంత ఉన్నట్టు లెక్క. 1945లో ఆయన బృందం ఆ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసి ప్రకటించినప్పుడు వాడిన పేరు కూడా "ఎల్. కేసియై ఫేక్టరు" అనే.

అచ్చం ఫోలిక్ ఆమ్లంలా కనిపించి కణాన్ని మోసపుచ్చే అమినోప్టెరిన్ కూడా అక్కడే తయారయింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని లుకీమియా పిల్లలకిచ్చారు. 1948 జూన్‌లో అచ్చయిన వ్యాసం ప్రకారం 16 మందిలో 10 మందికి, కొంతకాలమే అయినా, గుణం కనిపించింది. ఆగస్టులో సుబ్బారావు గారు కన్నుమూశారు. ఆ మందు తోబుట్టువు మెతోట్రెక్సేట్ ఈనాటికీ వాడుకలో ఉంది. మా వీధిలోని ఒక పాప మందుచీటీలో ఆ పేరు చూసి, వాళ్ళ నాన్నకి భీమవరం సంగతి చెప్పాను. ఆయనది పక్కనే పాలకొల్లు!

సూక్ష్మజీవుల కథ అక్కడితో ఆగలేదు. పేగుల్లో రకరకాల బేక్టీరియా ఉన్న మెలనోమా రోగులకి ఇమ్యునోథెరపీ బాగా పనిచేసిందని 2018లో 'సైన్స్' పత్రికలో వచ్చింది. చికిత్సకి ముందూ వెనకా ఏంటీబయాటిక్కులు వాడినవారిలో ఫలితం తగ్గిందని అదే పత్రికలో మరో బృందం రాసింది. 2021లో, మందుకి లొంగని కొందరికి, లొంగినవారి మలంలోని సూక్ష్మజీవుల్ని ఎక్కించి చూశారు. రెండు పరీక్షల్లో కలిపి పాతిక మందిలో తొమ్మిది మందికి మేలు జరిగింది. చిన్న సంఖ్యలే, తొందరపడకూడదు. కానీ మనం ఊరినుంచి వచ్చేటప్పుడు ఆవకాయ పక్కన సర్దుకునే ఏంటీబయాటిక్ షీట్ల సంగతి కేన్సర్ డాక్టరుకి చెప్పి తీరాలి.

ఇంతకీ స్ప్రూకి ఇవాళ ఇచ్చేవేమిటంటే, ఫోలిక్ ఆమ్లం, దానితోబాటు కొన్ని నెలలపాటు టెట్రాసైక్లిన్ అనే ఏంటీబయాటిక్కు.