గుడి పోయినను బడి నిలిచినది



యూదుల చరిత్ర చదువునపుడు నన్నొక ప్రశ్న వేధించెను. దేవాలయమును, దేశమును గోలుపోయిన జాతి రెండువేల యేండ్లు ఎట్లు నిలిచెను?

క్రీ. శ. 70లో రోమకులు యెరూషలేములోని వారి దేవాలయమును దహించిరి. బలులు ఆగిపోయినవి. ఆ ముట్టడి నడుమనే యోహానాన్ బెన్ జక్కయి యను గురువు శవపేటికలో దాఁగి పురము వెడలి, రోమక సేనాని వెస్పాసియనును యావ్నె యను ఊరిని, అందలి పండితులను విడిచిపెట్టుమని వేఁడెనని వారి యైతిహ్యము. ఆయన కోటను గోరలేదు, బడిని గోరెను.

నాఁటినుండి బలులకు మాఱుగా ప్రార్థనయు అధ్యయనమును నిలిచినవి. మోషే ధర్మశాస్త్రమగు తోరాను వారు ప్రతి శనివారము కొంత కొంతగా చదువుదురు. శుక్రవారము ప్రొద్దు గ్రుంకక మునుపే ఇల్లాలు దీపములు వెలిగించును. మఱునాఁడు చీఁకటి పడువఱకు పనులు మానుదురు. పస్కా పండుగ రాత్రి ఇంటిలోని కడగొట్టు బిడ్డ ఈ రాత్రి విశేషమేమని యడుగును. ఐగుప్తు దాస్యమునుండి తమ పూర్వులు విడివడిన కథను పెద్దలు చెప్పుదురు.

1941-45 నడుమ నాజీలు ఐరోపాలో సుమారు అఱువది లక్షల యూదులను జంపిరి. అయినను బిడ్డ అడుగుట మానలేదు. పెద్దలు చెప్పుట మానలేదు. నా ప్రశ్నకు నాకు దొరకిన సమాధాన మిదియే.

మన మనుమఁడును ప్రశ్న లడుగును. విసుగుకొనక చెప్పుదము.