పట్టపగలు దీపమెందుకు?

2017 వేసవిలో మన రోడ్ల మీద ఒక పాత సైగ ఉన్నట్టుండి ఎక్కువైంది. ఎదురుగా వచ్చే మనిషి చేతి వేళ్లను ముడిచి విప్పుతూ, ముడిచి విప్పుతూ "లైటు వెలుగుతోంది, ఆర్పు" అని చెప్పే సైగ అది. కొత్త బండి కొన్నవారు మొహమాటంతో మీట కోసం తడుముకునేవారు. ఆ బండికి హెడ్‌లైటు ఆర్పే మీటే లేదు. ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచి తయారయ్యే ప్రతి ద్విచక్ర వాహనానికీ ఇంజను తిరిగినంతసేపూ ముందు దీపం దానంతటదే వెలగాలని కేంద్ర ప్రభుత్వం నిబంధన తెచ్చింది. కారణం మాత్రం కొన్నవారికి చెప్పినవారు తక్కువ. బ్యాటరీ దండుగ అని కొందరు, బల్బుల కంపెనీల లాభం కోసమని కొందరు అనుకున్నారు. మెకానిక్ దగ్గర వైరు కోయించి, వేరే మీట పెట్టించుకున్నవారూ ఉన్నారు.

అంతకు ఆరు నెలల ముందు, 2016 అక్టోబరు 11న, పాత వరంగల్ జిల్లా విడిపోయి జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి వేర్వేరు జిల్లాలయ్యాయి. ఈ మూడింటి రోడ్లు ఎరిగినవారికి ఆ దీపం అవసరం వివరించడం కష్టం కాదు. జనగామ మీదుగా హైదరాబాదు–వరంగల్ రహదారి పోతుంది. ఒకప్పుడు 202, ఇప్పుడు 163. మహబూబాబాద్ జిల్లాలో తొర్రూరు, మరిపెడల మీదుగా ఖమ్మం వెళ్లే 563వ నంబరు రహదారి ఉంది. భూపాలపల్లిలో సింగరేణి బొగ్గు, చెల్పూరు విద్యుత్ కేంద్రం, ఆపైన గోదావరి ఇసుక. వీటన్నిటి లారీలూ ఒకే దారిన నడుస్తాయి. ఆ లారీల నడుమ, వాటి వేగంలో సగం వేగంతో, పాల క్యాన్లతోనో ఎరువు బస్తాలతోనో ఒక మోపెడ్ పోతుంటుంది. పెద్ద దెబ్బ తగిలితే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి చేరాలి. భూపాలపల్లి నుంచైనా, మహబూబాబాద్ నుంచైనా అది 60, 70 కిలోమీటర్ల ప్రయాణం.

ప్రమాదం తరువాత కారు నడిపినవారు, లారీ నడిపినవారు తరచుగా చెప్పే మాట ఒకటే: "చూశాను సార్, రోడ్డు ఖాళీగానే ఉంది." పోలీసులకు ఇది అబద్ధంలా వినబడుతుంది. చాలాసార్లు ఇది నిజమే. కంటిలో స్పష్టమైన చూపు ఉండేది నట్టనడుమ చిన్న భాగంలోనే. చేయి చాచి పట్టుకున్న బొటనవేలి గోరంత మేర మాత్రమే ఒక్కసారి తేటగా కనబడుతుంది. మిగిలిన దృశ్యాన్ని కన్ను చోటు నుంచి చోటుకు గెంతుతూ ఏరుకుంటుంది. ఆ గెంతు సాగుతున్న క్షణంలో మెదడు చూపును అణచివేస్తుంది. లేకపోతే తల తిప్పిన ప్రతిసారీ లోకమంతా చెదిరినట్టు కనబడేది. రెండు గెంతుల నడుమ పడిన సన్నని వస్తువును మెదడు వదిలేసి, ఆ చోటును వెనుకనున్న చెట్ల రంగుతో పూడ్చుకుంటుంది. కారు ఆ సందులో ఇమడదు. మోటారు సైకిలు ఇముడుతుంది. కారు ముందద్దానికి అటూ ఇటూ ఉండే స్తంభం వెనుక కూడా అది పూర్తిగా దాగగలదు.

కనబడిన తరువాత మరొక చిక్కు ఉంది. ఎదురుగా వచ్చే వస్తువు ఎంత దూరంలో, ఎంత వేగంతో వస్తోందో అది కంటిలో పెరిగే పరిమాణాన్ని బట్టి అంచనా వేస్తాము. సన్నని వస్తువు చివరిదాకా పెరిగినట్టే అనిపించదు. అందుకే బండి ఇంకా దూరంగా ఉందనుకుని లారీ మలుపు తిప్పేస్తుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి సెకనుకు సుమారు 17 మీటర్లు దాటుతుంది.

ఈ సంగతిని తొలిసారి రోడ్డు మీద కూర్చుని లెక్కగట్టినవారిలో ముఖ్యుడు అమెరికాలోని దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన హ్యారీ హర్ట్. ఆయన బృందం లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో 900 మోటారు సైకిలు ప్రమాదాలను స్వయంగా పరిశోధించి, మరో 3,600 పోలీసు నివేదికలను తిరగేసి, 1981లో ఫలితాలు ప్రకటించింది. మరో వాహనంతో కూడిన ప్రమాదాలలో మూడింట రెండు వంతుల వాటిలో దారి ఇవ్వవలసిన రెండవ వాహనమే అడ్డం వచ్చింది. దానికి ప్రధాన కారణం పొగరో తొందరో కాదు, బండిని గుర్తించలేకపోవడం. పగటిపూట దీపం వెలిగించినవారికి, పసుపు, నారింజ వంటి కొట్టొచ్చే రంగు చొక్కాలు తొడిగినవారికి ఆ ముప్పు తగ్గింది. ఈ నివేదిక రాకముందే, 1978 నుంచి, కాలిఫోర్నియా రాష్ట్రం కొత్త మోటారు సైకిళ్లకు ఇంజనుతో పాటే వెలిగే దీపాన్ని తప్పనిసరి చేసింది. మన దేశంలో ఆ నిబంధన అమలులోకి రావడానికి మరో 39 ఏళ్లు పట్టింది.

"అది అమెరికా, మన ఎండ వేరు" అనే మాట ఈ విషయంలో తరచు వింటాము. ఈ వాదానికి మలేషియా జవాబిచ్చింది. తెలుగువారు తరతరాలుగా స్థిరపడిన ఆ దేశంలో ఎండ మన ఎండకు తీసిపోదు. రోడ్ల మీద చిన్న మోటారు సైకిళ్ల సంఖ్యా ఎక్కువే. 1992లో అక్కడ పగటి దీపాల కోసం ప్రచారం నడిపి, వెంటనే చట్టం చేశారు. సెరెంబాన్, షా ఆలం పట్టణాలలో రాడిన్ ఉమర్ బృందం లెక్కలు చూసింది. బండి కనబడకపోవడం వల్ల జరిగే తరహా ప్రమాదాలు దాదాపు 29 శాతం తగ్గినట్టు తేలింది. 1995లో సింగపూరు అదే దారి పట్టింది.

న్యూజిలాండ్ పరిశోధకులు మరింత సూక్ష్మంగా చూశారు. ఆక్లాండ్‌లో ప్రమాదానికి లోనైన 463 మందిని, అవే రోడ్ల మీద క్షేమంగా తిరిగిన 1,233 మందిని పోల్చి 2004లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించారు. మెరిసే పట్టీలున్న లేదా కొట్టొచ్చే రంగు తొడుగు వేసుకున్నవారికి గాయాల ముప్పు 37 శాతం తక్కువ. పగలు దీపం వెలిగించినవారికి 27 శాతం, నల్ల హెల్మెట్‌కు బదులు తెల్లది పెట్టుకున్నవారికి 24 శాతం తక్కువ. తెల్ల హెల్మెట్ పెట్టుకునే మనిషి స్వభావరీత్యా జాగ్రత్తపరుడు కావచ్చు కదా అన్న సందేహం న్యాయమైనదే. పరిశోధకులు వయసు, మద్యం వంటి తేడాలను సరిచూసిన తరువాతనే ఈ అంకెలు ఇచ్చారు. హెల్మెట్ రంగుకు అదనపు ఖర్చేమీ లేదు. అయినా మన దుకాణాలలో వరుసగా వేలాడేవి నల్లవే. మాసినా తెలియదని కొంటారు.

మన దేశంలో ఆలస్యానికి ఒక యాంత్రిక కారణం కూడా ఉంది. చేతక్ స్కూటరు నుంచి తొలి హీరోహోండాల దాకా చాలా బండ్లలో హెడ్‌లైటుకు కరెంటు నేరుగా ఇంజను నుంచే వచ్చేది. ఇంజను వేగం తగ్గితే దీపమూ మసకబారేది. గేరు మార్చినప్పుడల్లా వెలుగు ఊగేది. ఆ గుడ్డి దీపాన్ని పగలు వెలిగించమని ఎవరికి చెప్పగలం? పైగా ఎదుటివారి కళ్లు మిరుమిట్లు గొలపకూడదని హెడ్‌లైటు అద్దానికి పై సగం నల్లరంగు పూయించుకున్న కాలం అది. దీపం మనం చూడటానికే అనుకున్నాము. మనం కనబడటానికి కూడా అన్న ఆలోచన అప్పటికి లేదు.

చివరకు ఈ మార్పుకు బాట వేసినవారిలో ఒక వైద్యుడు ఉండటం నా వంటి వారికి సంతోషం కలిగించే సంగతి. కోయంబత్తూరుకు చెందిన ఎముకల శస్త్రవైద్యుడు డాక్టర్ ఎస్. రాజశేఖరన్ 2012లో రోడ్డు ప్రమాదాలపై సుప్రీంకోర్టులో వ్యాజ్యం వేశారు. విరిగిన కాళ్లను అతికించడంతో తన పని తీరిందని ఆయన అనుకోలేదు. 2014 ఏప్రిల్‌లో న్యాయస్థానం జస్టిస్ కె.ఎస్. రాధాకృష్ణన్ నాయకత్వాన ఒక కమిటీని నియమించింది. దానంతటదే వెలిగే దీపాన్ని కోరినది ఆ కమిటీయే.

ఈ చరిత్రలో నాకు ముఖ్యమనిపించేది ఒకటుంది. దీపం వేసుకోండి అని ఎంత ప్రచారం చేసినా వేసుకునేవారు వేసుకుంటారు, మరచేవారు మరుస్తారు. మీట తీసేసిన రోజున ఆ ప్రశ్నే పోయింది. బండిలో కుదిర్చిన రక్షణ పనిచేసింది. మనిషి జ్ఞాపకానికి వదిలిన రక్షణ ఎప్పటిలాగే సగంలో ఆగింది. 2017లో మనకు అమరినది బండికి ముందువైపు మాత్రమే. వెనుకవైపు ఇప్పటికీ మన జ్ఞాపకానికే వదిలి ఉంది.

కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోగా, వారిలో 74,897 మంది ద్విచక్ర వాహనాల మీద వెళ్లినవారు. నూటికి 44 మందికి పైగా. అన్ని వాహనాల ప్రమాదాలనూ ఢీకొన్న తీరును బట్టి వేరుచేస్తే, వెనుక నుంచి ఢీకొన్నవే అన్నిటికంటే పెద్ద వర్గం.

మన మూడు జిల్లాల బండ్లను వెనుక నుంచి ఒకసారి చూడండి. తయారైన రోజున ప్రతి దానికీ ఎర్రని దీపం, దాని కింద మెరిసే ఎర్రబిళ్ల ఉంటాయి. పాల క్యాన్లు రెండువైపులా వేలాడితే, పచ్చిగడ్డి మోపు కడితే, పత్తి బస్తా వేస్తే, కల్లు లొట్లు కట్టుకుంటే ఆ రెండూ మూసుకుపోతాయి. వానాకాలంలో పొలం బురద మిగిలినది కప్పేస్తుంది. ముందు హెడ్‌లైటు దేదీప్యమానంగా వెలుగుతుంటుంది. వెనుక బొగ్గు లారీ డ్రైవరుకు మాత్రం ఒక నల్లని ముద్ద.

దానికి తోడు సాయంసంధ్య. వెలుతురు తగ్గినప్పుడు కన్ను రంగులు చూసే కణాల నుంచి మసకలో చూసే కణాలకు మారుతుంది. ఈ రెండవ కణాలకు ఎరుపు దాదాపు కనబడదు. చెక్ శాస్త్రజ్ఞుడు పుర్కిన్యే సుమారు 200 ఏళ్ల కిందట గమనించిన విషయమిది. పగలు మిర్చి కళ్లంలో కంటికి కొట్టినట్టుండే ఎరుపే సందెచీకట్లో నలుపుగా మారుతుంది. ఎర్రచొక్కా వేసుకున్నాను కదా అని ధీమాపడటానికి వీల్లేదు.

ఇక్కడ రెండు వేర్వేరు వస్తువులను జనం కలగాపులగం చేస్తారు. నియాన్ పసుపు, నారింజ తొడుగుల రంగును 1930లలో అమెరికాలో స్విట్జర్ సోదరులు రూపొందించారు. అది ఎండలోని అతినీలలోహిత కిరణాలను తీసుకుని కంటికి కనబడే వెలుగుగా తిరిగి ఇస్తుంది. కాబట్టి పగలు, సంధ్యవేళ బ్రహ్మాండంగా పనిచేస్తుంది. చీకటి పడ్డాక దాని శక్తి పోతుంది. రాత్రికి కావలసింది మెరిసే పట్టీ. పడిన వెలుగును అటూ ఇటూ చెదరనివ్వక, వచ్చిన దీపం వైపుకే తిప్పి పంపడం దాని గుణం. ఇంగ్లండులో పెర్సీ షా 1934లో రోడ్డు నడుమ పొదిగే "పిల్లికన్ను"కు పేటెంటు తీసుకున్నది ఈ సూత్రం మీదనే. దీనికి బ్యాటరీ అక్కరలేదు, వైరు అక్కరలేదు, మరచిపోయే మీట లేదు. వెనుక లారీకి దీపం ఉంటే చాలు.

వడ్లు వచ్చే కాలంలో ముప్పు మరొక రూపం తీసుకుంటుంది. రోడ్డు సగం మేర ఆరబోసిన ధాన్యం, రాత్రి దాని మీద కప్పిన నల్ల టార్పాలిన్, చుట్టూ పేర్చిన రాళ్లు. రైతుకు కల్లం లేకపోవడం నిజమే, అందుకతణ్ణి నిందించి లాభం లేదు. ఆ కుప్పను తప్పించబోయి బండి ఒక్కసారిగా రోడ్డు నడుమకు వస్తుంది. వెనుకవాడు దాన్ని మొదటిసారి చూసేది అప్పుడే. వెనుక దీపాలు లేని ట్రాక్టరు ట్రాలీ, ఒక దీపం మాడిపోయి ఒంటికన్నుతో వచ్చే లారీ కూడా ఈ కోవలోవే. ఒంటికన్ను లారీని మోటారు సైకిలనుకుని దాని పక్కగా పోబోయే బండికి అవకాశం అర క్షణమే. ఒకే దీపం దూరాన్ని చెప్పలేదు. దూరం చెప్పేది రెండు దీపాల నడుమ ఎడం.

కాబట్టి ఒక సాయంత్రం, రోజూ వేసే బరువంతా కట్టిన తరువాత, బండిని ఇంటి ముందు నిలిపి ఇరవై అడుగులు వెనక్కు నడిచి ఇంకొకరి చేత టార్చిలైటు వేయించి చూడండి. ఏమీ మెరవకపోతే పట్టీ ఎక్కడ అంటించాలో అక్కడే తెలుస్తుంది. వెనుకవైపు ఎరుపు పట్టీయే వాడాలి. తెలుపు వాడితే బండి ఎదురు వస్తోందని వెనుకవాడు భ్రమపడతాడు. మసకలో కనబడని ఎరుపు దీపం పడినప్పుడు మాత్రం నిప్పులా మెరుస్తుంది. పాల క్యాన్లు మోసేవారు పట్టీని బండికి కాక క్యాన్లకే, వెనుక ముఖాన, అంటించుకోవాలి. గడ్డి మోపు కట్టేవారు తాడు చివర ఒక పట్టీ ముక్క కుట్టించుకుంటే, ఎంత పెద్ద మోపు కట్టినా అది పైనే ఉంటుంది. నెలకొకసారి తడిగుడ్డతో తుడవాలి. బురద అంటిన పట్టీ లేనట్టే.