కొలాజ్ చరిత్ర: కత్తిరింపు ముక్కలు, దుస్తుల నమూనాలు

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
• కొలాజ్, మిశ్రమ మాధ్యమం అనే పదాలను వివరించగలుగుతారు.
• కొలాజ్ 1912లో పుట్టిందనే అభిప్రాయాన్ని పరిశీలించగలుగుతారు.
• మీ ఇంట్లోని బొంతను చారిత్రక ఆధారంగా చదవగలుగుతారు.

1. పరిచయం

2016లో నిజామాబాద్ జిల్లా నుంచి విడివడి కామారెడ్డి జిల్లా ఏర్పడింది. ఆ జిల్లాలోని సదాశివనగర్ వంటి మండల కేంద్రంలో టైలరు దుకాణానికి వెళ్తే సాధారణంగా రెండు రకాల ముక్కలు కనిపిస్తాయి. ఒకటి, జాకెట్టు కుట్టగా మిగిలిన గుడ్డ పీలికలు. రెండు, కుట్టు నేర్చుకునేవారు పాత వార్తాపత్రికల మీద కొలతలు గీసి కత్తిరించే 'పేపర్ కటింగ్'లు. పని ముగిశాక రెండూ చెత్తబుట్టలో చేరతాయి. అలాంటి ముక్కలే వేరొకచోట అట్ట మీదికెక్కి కళాఖండాలయ్యాయి. ఈ తేడా ఎలా వచ్చిందనేదే ఈ పాఠంలోని ప్రధాన ప్రశ్న.

'కొలాజ్' అనే మాట 'జిగురుతో అతికించు' అనే అర్థమున్న ఫ్రెంచి క్రియ నుంచి వచ్చింది. కాగితం, గుడ్డ, ఫొటో వంటి వాటిని ఒక తలం మీద అతికించి రూపొందించే చిత్రం కొలాజ్. రంగులతో పాటు వేర్వేరు పదార్థాలు ఒకే కృతిలో కలిస్తే దాన్ని మిశ్రమ మాధ్యమ చిత్రం అంటారు.

2. 1912కు ముందు

ముక్కలు అతికించే పద్ధతి చాలా పాతది. జపానులో 12వ శతాబ్దిలోనే రంగు కాగితాలను చించి, అతికించి, వాటి మీద కవితలు రాసేవారు. ఇంగ్లండులో మేరీ డెలానీ (1700-1788) తన 72వ ఏట రంగు కాగితాలను సన్నగా కత్తిరించి, నల్లని కాగితం మీద అతికించి మొక్కల చిత్రాలు చేయడం మొదలుపెట్టింది. చూపు మందగించే దాకా, సుమారు పదేళ్ళలో, వెయ్యికి దగ్గరగా చిత్రాలు చేసింది. అవి ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. అంతకుముందు ఆమె పూల కుట్టుపనితో దుస్తులు అలంకరించడంలో ఆరితేరిన మనిషి. సూదితో కుట్టిన పూలే తరవాత కత్తెరతో కాగితంలోకి వచ్చాయన్న మాట.

3. 1912లో ఏం మారింది?

1912 మేలో పికాసో కుర్చీ అల్లిక అచ్చువేసిన మైనపు గుడ్డను తన చిత్రంలో అతికించి, చుట్టూ తాడు బిగించాడు. అదే ఏడాది శరత్కాలంలో బ్రాక్ చెక్కలా కనిపించే గోడకాగితాన్ని ముక్కలుగా కోసి బొమ్మలో కలిపాడు. ఇక్కడ కొత్తది అతికించడం కాదు. బజారులో దొరికే వస్తువును ఉన్నదున్నట్లుగా చిత్రంలోకి తెచ్చి, 'చిత్రమంటే ఏమిటి?' అని అడగడం కొత్త. కళాచరిత్ర గ్రంథాలు ఈ సంవత్సరాన్ని ప్రారంభంగా చూపడానికి కారణం ఇదే.

4. దుస్తుల నమూనాలు, హన్నా హోఖ్

1863లో అమెరికాలో ఎబెనెజర్ బటరిక్ కొలతల వారీగా కాగితపు దుస్తుల నమూనాల అమ్మకం ప్రారంభించాడు. కుట్టుమిషను ఇళ్ళలోకి వచ్చిన కాలమది. అందువల్ల నమూనా కాగితం పశ్చిమ దేశాల మధ్యతరగతి స్త్రీలకు రోజూ చూసే వస్తువైంది.

జర్మన్ చిత్రకారిణి హన్నా హోఖ్ (1889-1978) 1916 నుంచి 1926 వరకు బెర్లిన్‌లోని ఉల్‌స్టైన్ ప్రచురణ సంస్థలో పనిచేసింది. పత్రికల కోసం అల్లికలు, కుట్లు, దుస్తుల నమూనాలు గీయడం ఆమె ఉద్యోగం. ఆ కాగితాలే ఆమె కొలాజ్‌లకు ముడిసరుకయ్యాయి. 1920లో చేసిన 'దర్జీ పువ్వు' అనే కృతిలో కుట్టు నమూనా గీతల మధ్య ఒక పువ్వు ఉంటుంది. అయినా అదే ఏడాది బెర్లిన్‌లో జరిగిన డాడా ప్రదర్శనలో ఆమెకు చోటివ్వడానికి తోటి కళాకారులు కొందరు అడ్డుపడ్డారు. కుట్టుపని చేసే స్త్రీని కళాకారిణిగా ఒప్పుకోవడం కొత్త మార్గమన్నవారికీ కష్టమైంది.

5. తెలంగాణ: బొంత, లంబాడీ దుస్తులు

మన పల్లెల్లో చాలాకాలం కాగితం అరుదైన వస్తువు. కాగజ్‌నగర్‌లో సిర్పూర్ కాగితపు మిల్లు స్థాపన జరిగింది 1930ల చివరనే. కాబట్టి ముక్కల కళ ఇక్కడ గుడ్డ మీద సాగింది. చిరిగిన చీరలు, ధోవతులు, పిల్లల అంగీలు పొరలుగా పేర్చి, పొడుగు కుట్లు వేసి బొంత కుడతారు. ఏ రంగు పక్కన ఏ రంగు వేయాలో కుట్టేవారే నిర్ణయిస్తారు.

కామారెడ్డి, నిజామాబాద్ జిల్లాల్లో లంబాడీ తండాలు అనేకం. 17వ శతాబ్దిలో దక్కన్‌కు వచ్చిన మొగలు సైన్యాలకు ఎడ్ల మీద ధాన్యం మోసిన సంచార వర్తకులు లంబాడీలు. రైళ్ళు వచ్చాక ఆ వర్తకం దెబ్బతిని, వారు తండాల్లో స్థిరపడ్డారు. స్త్రీల ఫేటియా (లంగా), కాంచళి (రవిక) మీద రంగు గుడ్డ ముక్కలు, అద్దాలు, గవ్వలు, నాణేలు కలిసి ఉంటాయి. పదార్థాల దృష్టితో చూస్తే ఇది అచ్చమైన మిశ్రమ మాధ్యమం.

6. చరిత్ర రచనలో సమస్య

అయితే బొంతను కొలాజ్ అనవచ్చా? పూర్తిగా అనలేం. బొంత చలికి కప్పుకోవడానికి, కొలాజ్ చూడటానికి. ఈ భేదాన్ని చెరిపేయడం చరిత్ర కాదు. కానీ భేదం ఉందన్న సాకుతో ఒకదానికి సంవత్సరం, పేరు, మ్యూజియం ఇచ్చి, రెండోదాన్ని పేరులేని 'చేతిపని'గా వదిలేయడమూ చరిత్ర కాదు. 1970ల చివర అమెరికన్ కళాకారిణులు మిరియమ్ షాపిరో, మెలిస్సా మేయర్ ఈ అభ్యంతరాన్నే లేవనెత్తి, స్త్రీల ముక్కల కళకు 'ఫెమాజ్' అని పేరు పెట్టారు.

మన దగ్గర నష్టం ఇంకా ఎక్కువ. బొంత వాడుకలోనే అరిగి పోతుంది. ఏ ముక్క ఎవరి పెళ్ళి చీరదో, ఏది ఏ కరువు ఏట కొన్నదో కుట్టిన అవ్వకే తెలుసు. ఆమె చెప్పగా రాసుకోకపోతే ఆ ఆధారం ఆమెతోనే పోతుంది.

సారాంశం

అతికించే పద్ధతి 1912 కంటే పాతది. ఆ ఏడాది మారింది దాని స్థానం, ఉద్దేశం. దుస్తుల నమూనాలను కొలాజ్‌లోకి తెచ్చి హోఖ్ కుట్టుపనినీ చిత్రకళనూ కలిపింది. తెలంగాణ బొంత, లంబాడీ దుస్తులు ఈ చరిత్రలో చోటు దక్కవలసిన ఆధారాలు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 1912 నాటి ప్రయోగాల్లో కొత్తదనం ఏమిటి?
2. బొంతకూ కొలాజ్‌కూ గల పోలికలు, భేదాలు రాయండి.
3. కృత్యం: మీ ఇంట్లోని పాత బొంతలో ఐదు ముక్కలు ఎంచుకోండి. ఒక్కొక్కటి ఎవరి బట్టో, ఎప్పటిదో పెద్దలను అడిగి రాయండి. కుట్టినవారి పేరు మొదటి పంక్తిలో ఉండాలి. ఆ బొంత అమరికను పాత వార్తాపత్రిక ముక్కలతో, ఉడికించిన మైదా జిగురుతో ఒక అట్ట మీద అతికించండి.